స్వాగతం చివర ఎర్ర సున్న

ఈరప్ప పేరును నేను చెరిపేశాను. పందొమ్మిదేళ్ళు ఎండకు, వానకు, లారీల పొగకు ఓర్చుకుని రేకు మీద నిలబడిన పేరు అది. బోర్డు కుడివైపు కింది మూలలో, వేలెడంత అక్షరాలతో "ఈరప్ప, పెనుకొండ" అని ఉండేది. హిందూపురంలో నేను పనిచేసే ప్రింటింగు షాపులో కంప్యూటరు ముందు కూచుని, మధ్యాహ్నం భోజనానికి లేచేలోపల దాన్ని తీసేసి, ఆ చోట పసుపు రంగు నింపాను. నింపాక అక్కడ, అంతకంటే చిన్న అక్షరాలతో, "ఉమేష్" అని పెట్టాను. ఉమేష్ అంటే నేనే.

ఆ రోజే ఇంకో తప్పు కూడా చేశాను. మొదటిది తెలిసి చేసింది, రెండోది తెలియక. ముందు బయటపడింది తెలియక చేసినదే. దాన్ని పట్టుకున్నది ఒక్క అక్షరం కూడా చదవడం రాని ముసలామె, ఈరప్ప భార్య రామక్క.

ఈరప్పకు ఇప్పుడు డెబ్బై దాటాయి. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల స్వాగతం బోర్డులన్నీ ఆయనే రాశాడు. బెంగళూరు రోడ్డులో వస్తుంటే పెనుకొండ వచ్చిందని ముందుగా చెప్పేది కొండ కాదు, ఆయన బోర్డే. హిందూపురం, ధర్మవరం ఊళ్ళలోకి తిరిగే దారుల్లోనూ ఆయనవే ఉండేవి. పసుపు రేకు, నల్ల అక్షరాలు, ఊరికి తగిన బొమ్మ ఒకటి. పెనుకొండకు కోట ఉన్న కొండ, హిందూపురానికి బెల్లం దిమ్మెలు, చింతపండు బుట్ట, ధర్మవరానికి పట్టుచీర అంచు.

పుట్టింది చెన్నేకొత్తపల్లి దగ్గర ఒక మెట్ట పల్లెలో. వాన పడిన ఏడు శనక్కాయ, పడని ఏడు కూలి. అక్షరాలు అబ్బకుండానే మూడో తరగతితో బడి అయిపోయింది. పద్దెనిమిదో ఏట హిందూపురం వచ్చి, లారీలకు రంగులు వేసే నారాయణస్వామి మేస్త్రీ దగ్గర చేరాడు. మేస్త్రీ ఆయనకు చదవడం నేర్పలేదు, గీయడం నేర్పాడు.

"నేను రాసినాంక సదవను నేర్చుకున్యా అబ్బీ," అని నాతో చెప్పాడు ఒకసారి. "లారీల ఎనక 'నిదానం' అని నూరుసార్లు రాసింటా. అదేందో నూటొకటో సారి తెలిసె. అప్పుడు మేస్త్రీని అడిగితి, ఇన్నాళ్ళూ డ్రైవర్లకు బుద్ధి చెప్తాంది నేనేనా అని."

ఆయన రాసే పద్ధతి వేరు. రేకుకు ఇటుక రంగు పూత వేసి, ఆరాక పసుపు కొట్టి, ముగ్గుపిండి పట్టించిన నూలుదారాన్ని రేకు మీద బిగలాగి టప్పున వదిలి గీతలు తీసేవాడు. ఆ గీతల మధ్య అక్షరాలన్నీ బోడితలలతో రాసుకుంటూ పోయేవాడు. ఒక్క తలకట్టు కూడా పెట్టేవాడు కాదు. లైను మొత్తం అయ్యాక, బ్రష్షు కడిగి, బీడీ ఒకటి తాగి, అప్పుడు ఎడమ నుంచి కుడికి అన్ని తలకట్లూ వరసగా పెట్టేవాడు. ఎందుకలా అని అడిగాను.

"తలకట్టంటే ఏంది? తలపాగా. పెండ్లిలో వరసగా కూచున్నోళ్ళకు ఒకరికి పొద్దున చుట్టి, ఒకరికి మాపటికి చుడితే ఊరుకుంటారా? అందరికీ ఒకే చెయ్యి, ఒకే దమ్ము. లేకుంటే ఒకడి పాగా వంకర, ఒకడిది సక్కన. దూరం నుంచి చూస్తే బోర్డంతా తగువులాడతాంటాది."

ధర్మవరం బోర్డు రాసేటప్పుడు నేతవాళ్ళ సంఘం పట్టుచీర అంచు వేయమంది. పూలూ తీగలూ వేస్తే సరిపోతుందనుకున్నాడు. బోర్డు చూడవచ్చిన సరోజమ్మ అనే నేతామె నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏమబ్బా, ఇది పట్టు అంచా, పరుపు గలీబా?" అంది. ఈరప్ప ఆ అంచు గీకేసి, రెండు రోజులు ఆమె మగ్గం పక్కన నేల మీద కూచుని అంచులో నేసే గోపురాలెన్నో, గోపురానికి గోపురానికి మధ్య ఎంత జాగానో లెక్కపెట్టుకున్నాడు. మళ్ళీ వేశాడు. ఆమె మళ్ళీ వచ్చి, ఒక కొన నుంచి ఇంకో కొన దాకా నడిచి చూసి, "సరే, ఇది కట్టుకోవచ్చు," అంది. తన పనికి దొరికిన మెప్పుల్లో అంత పెద్దది ఇంకోటి లేదంటాడు ఆయన.

ఆ తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. రోడ్డు వెడల్పు చేశారు. ఒకే వారంలో ఆయన బోర్డుల స్తంభాలను గ్యాసుతో కోసి పక్కన పడేశారు. రేకు మాత్రం ఎవరికైనా పనికొస్తుంది కాబట్టి ఒక్కొక్కటీ ఒక్కో దిక్కుకు పోయింది. ఈరప్ప సైకిలు మీద తిరిగి ఏది ఎక్కడికి పోయిందో కనుక్కున్నాడు. తెచ్చుకోవడానికి కాదు, ఎనిమిది అడుగుల రేకు పట్టే ఇల్లు ఆయనకు ఎప్పుడూ లేదు. ఊరికే తెలుసుకున్నాడు. ధర్మవరం అంచు ఒక మేకల దొడ్డికి తలుపయింది. హిందూపురం బెల్లం దిమ్మెలు పాత ఇనుము కొట్టుకు పోయాయి.

ఆయన బతుకులోకి నేను ఎలా వచ్చానో చెప్పాలి.

డిగ్రీ రెండో ఏడులో వదిలేసి ఈ షాపులో చేరాను. చిత్తుకాగితాల కొట్లో తూకానికి తెచ్చుకున్న పుస్తకాలు చదివేవాణ్ణి, పగలంతా నాయకుల మొహాలు తెల్లగా చేసి పుట్టినరోజు ఫ్లెక్సీలు తయారు చేసేవాణ్ణి. వారం తిరక్కుండానే ఆ ఫ్లెక్సీలు గడ్డివాముల మీద కప్పుగా కనపడేవి. ఎనిమిదేళ్ళలో నేను చేసినదాని మీద నా పేరు ఒక్కసారి కూడా లేదు. నా తప్పుకు ఇది సాకు కాదు. అప్పుడు మనసులో ఏముందో చెప్తున్నాను, అంతే.

ఒకరోజు బెంగళూరు నుంచి ఒకామె ఫోనుకు ఫోటో పంపింది. సోఫా వెనక గోడ మీద ఫ్రేము. అందులో అమెరికాలో ఏదో రాష్ట్రం మొదలయ్యే చోట రోడ్డు పక్కన నిలబెట్టిన పాతకాలం స్వాగతం బోర్డు, వెలిసిన రంగులతో. ఇలాంటివి వేసిస్తారా అని అడిగింది. మా ఓనరు వేణుమాధవ్ ఆ ఫోటోను చాలాసేపు చూశాడు.

"ఉమేషూ, ఆ ఊరికి ఈమె పోయిందంటావా?"

"తెలీదు సార్."

"పోకున్నా గోడకు పెట్టుకుంది చూడు. మనకు లేవా బోర్డులు? పాతగా కనపడల్ల, అంతే. తుప్పు గూడా అమ్ముడుపోయే కాలమప్పా ఇది. ఎతుకు."

వెతికాను. చెన్నేకొత్తపల్లి దాటాక ఒక టీ కొట్టు వెనక, నీళ్ళ డ్రమ్ములకు ఎండ తగలకుండా నిలబెట్టిన పసుపు రేకు కనపడింది. "పెనుకొండకు స్వాగతం." అక్షరాలు చూసి కాళ్ళు ఆగిపోయాయి. తలకట్లన్నీ ఒక్క గాలికి వంగిన జొన్న కంకుల్లాగా ఒకే పక్కకు ఉన్నాయి. మూలలో పేరు చదివి, అడుగుతూ అడుగుతూ పెనుకొండలో ఆయన ఇల్లు పట్టుకున్నాను. కొండ కింద సందులో ఒక్క గది. బయట అరుగు మీద ఈరప్ప పప్పులో రాళ్ళు ఏరుతున్నాడు. చేతులు వణుకుతున్నాయి.

"యాడ నుంచప్పా?"

"హిందూపురం తాతా. ఫ్లెక్సీ షాపులో పని చేస్తా."

"ఓ, నన్ను ఇంటికి పంపించింది మీరేనా?" అని నవ్వాడు. "కూచో. మీ పుణ్యాన పప్పులో రాళ్ళు ఏరను గూడా నేర్చుకున్యా."

లోపల మంచం మీద రామక్క పడుకుని ఉంది. తుంటి ఎముక విరిగితే పుట్టపర్తిలో ఆపరేషను చేశారట. నయమయింది గాని నడక రాలేదు. మూడేళ్ళుగా గడప దాటలేదు.

నేను వచ్చిన పని చెప్పగానే ఈరప్ప చొక్కా వేసుకుని నా బండెక్కాడు. టీ కొట్టు దాకా దారంతా చెప్తూనే ఉన్నాడు, ఈడ ఒకటి ఉండె, ఆడ ఒకటి ఉండె అని. రేకును ఎండలోకి జరిపి, తడిగుడ్డతో ఆయనే తుడిచాడు. నేను ఫోటోకు సిద్ధమవుతుంటే చివరి అక్షరం దగ్గర నిలబడి, వణికే వేలు దాని మీద పెట్టాడు.

"ఈ సున్న చూసినావా అబ్బీ? దీని కత..."

"ఒక్క నిమిషం తాతా, కొంచెం జరుగు. నీ నీడ పడతాంది."

జరిగాడు. నేను ముప్పై ఫోటోలు తీశాను. ఆ కథ మళ్ళీ అడగలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆయన నన్ను ఒకే ఒక్కటి అడిగాడు. "అచ్చేసినాక పెద్దది ఒకటి మా ఇంటికి తెచ్చియ్యి. మా ఆడమనిషి చూడల్ల. ఒకటన్నా మిగిలి ఉండాదంటే నమ్మదు. నువ్వు నన్ను ఊరడించను చెప్తాండావు అంటాది. ఫోన్లో చూపిస్తే ఆ అద్దంలో నాకేం కనపడదు అంటాది. మూడేండ్లాయ, ఆమె బస్సెక్కక."

"తెస్తా తాతా," అన్నాను. మాట ఇచ్చింది కూడా నేనే.

షాపులో ఫోటోను తెర మీద పెద్దది చేసి శుభ్రం చేయడం మొదలుపెట్టాను. వేణుమాధవ్ వెనక నిలబడి చూశాడు.

"మూలలో ఆ మురికేంది?"

"పెయింటర్ పేరు సార్."

"పేరుంటే పాత బోర్డు, పేరు లేకుంటే డెకరేషను. తీసెయ్."

తీసేశాను. నా పేరు పెట్టమని మాత్రం ఆయన చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు.

ఇక సున్న. "పెనుకొండకు స్వాగతం" అనే మాటల్లో సున్నలు రెండు. కొండలోది నల్లగా ఉంది. స్వాగతం చివరిది మాత్రం ఎర్రగా ఉంది, కింద ఒక చిన్న తోకలా రంగు జారి ఉంది. ఆయుధపూజకు మనవాళ్ళు బండి నుంచి బావి మోటారు దాకా అన్నింటికీ కుంకుమ పెడతారు. టీ కొట్టువాళ్ళు డ్రమ్ములకు పెడుతూ బోర్డుకూ పూసి ఉంటారు, వానకు కారి ఉంటుంది అనుకున్నాను. కొండలోని నల్ల సున్నను కాపీ చేసి, ఆ ఎరుపు మీద అతికించాను. ఇప్పుడు బాగుంది అనుకున్నాను కూడా.

బెంగళూరు ఫ్లాట్లకు అవి బాగా పోయాయి. మూడు నెలల్లో రెండు వందలు దాటాయి. పెనుకొండ ఏ దిక్కున ఉందో తెలియనివాళ్ళ గోడల మీద పెనుకొండకు స్వాగతం. ఒకామె డైనింగు టేబులు ఫోటో పెట్టి, ఆర్టిస్టు ఉమేష్ గారి అక్షరాలు చూస్తూ అన్నం తింటున్నాం అని రాసింది. దాన్ని ఏడుసార్లు చదివాను. ఏడోసారికి గాని నాకు సిగ్గు వేయలేదు.

అప్పటికి ఈరప్ప రెండుసార్లు పక్కింటివాళ్ళ ఫోను నుంచి చేశాడు. "అచ్చయిందా అబ్బీ?" అని. ఇంకా కాలేదన్నాను. నా పేరున్న ప్రింటు ఆయన చేతిలో ఎలా పెట్టను? చివరికి ఒక ఉపాయం చేశాను. ఆయన ఇంటి కోసం ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటే, వేరేగా వేశాను. అందులో నా పేరు తీసి, "ఈరప్ప, పెనుకొండ" అని ఫోటోలో ఉన్నది ఉన్నట్టు మళ్ళీ మూలలో పెట్టాను. ఆయనది చూసి ఆయన సంతోషిస్తాడు, మిగతావి ఆయన ఎప్పటికీ చూడడు. అదీ నా లెక్క.

ఫ్రేము కట్టించి తీసుకుపోయి, అచ్చయినాయి తాతా, బెంగళూరికి చానా పోతాండాయి అన్నాను. ఈరప్ప తువ్వాలుతో చేతులు తుడుచుకుని పట్టుకున్నాడు. ముందు మూల చూశాడు. పేరు మీద బొటనవేలు ఆనించాడు. నేను తల తిప్పుకున్నాను. తర్వాత రామక్క మంచానికి ఎదురుగా గోడకు ఆనించి నిలబెట్టాడు.

"మే, చూడు. నేను చెప్పలే? ఇదిగో, పెనుకొండ బోర్డు."

ఆమె మోచేతి మీద లేచి, కళ్ళు చిట్లించి చూసింది. ఈ కొన నుంచి ఆ కొన దాకా చూసింది.

"ఇది మనది గాదు."

"మనదే మే! పేరుండాది ఈడ. సదివి చెప్తా విను."

"నాకు సదవను రాదు గదా. పేరు ఎవురైనా రాస్తారు. మచ్చ యాడ?"

పేరు ఎవరైనా రాస్తారన్న మాట ఆమె నన్ను అన్నది కాదు. ఆమెకు నా సంగతి తెలియదు.

ఈరప్ప వంగి, మొహం ప్రింటుకు ఆనేంత దగ్గరగా పెట్టి, చివరి సున్న చూశాడు. చాలాసేపు చూసి లేచాడు.

"అవును మే," అన్నాడు. "ఇది మనది గాదు."

"నేను చెప్పలేదా, ఒకటీ మిగల్లేదని," అంటూ ఆమె మళ్ళీ పడుకుంది. ఆ మాటలో కోపం లేదు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

"కుంకుమ అనుకున్నా అవ్వా," అన్నాను. "ఆయుధపూజకు ఎవరో పెట్టింటారనుకుని తుడిచేసినా."

ఆమెకు నవ్వొచ్చింది. "బోర్డుకు టెంకాయ గూడా కొట్టింటారనుకుంటివా నాయనా?" అని, ఈరప్ప టీ కాచేలోపల తనే ఆ కథ చెప్పింది.

రామక్కది ముదిగుబ్బ పక్క. గొర్రెలు మేపే ఇల్లు. పెళ్ళయిన కొత్తలో ధర్మవరం మీదుగా పుట్టింటికి బస్సులో పోయి వస్తే, నా బోర్డులు చూసినావా అని ఈరప్ప అడిగేవాడట. దారిలో బోర్డులు చాలా ఉంటాయి, అన్నీ పసుపే. ఆయనవేవో ఆమెకు ఎలా తెలుస్తుంది? చదువుకోమని ఆయన పలక తెచ్చిపెట్టాడు. ఆమె ఆ పలకను పొయ్యి ఊదుకోను విసనకర్రలాగా వాడుకుంది.

"నేనంటి, యో, మా నాయనకు నూటిరవై గొర్రెలు. ఇంగొకరి మందలో కలిసిపోతే పేర్లు పెట్టి పిలుస్తాడా? ఈపు మీద ఎర్రరంగు మచ్చ చూసి ఇడిపిస్తాడు. నువ్వు గూడా నీ బోర్డుకు మచ్చ పెట్టు, బస్సులో నుంచి నేను పట్టుకుంటా అంటి."

ఆ తర్వాత రాసిన ప్రతి బోర్డులోనూ చివరి సున్న ఎర్రగా ఉండేది. నల్లరంగు అయిపోయిందా అని బోర్డు రాయించినవాళ్ళు అడిగితే, అది బొట్టు సార్, ఊరికి మంచిది అని చెప్పేవాడు. బొట్టంటే ఎవరు కాదంటారు? రామక్క బస్సులో కిటికీ పక్కన కూచుని, ఎర్ర మచ్చ కనపడగానే పక్కనున్నవాళ్ళ మోచెయ్యి పొడిచి, అదో మా ఇంటాయనది అని చెప్పేదట. హిందూపురం బోర్డులో కింద కన్నడం కూడా రాశాడు. దానికి మచ్చ లేదేమని ఆమె అడిగింది. కన్నడంలో స్వాగతానికి చివర సున్న రాదు మే అన్నాడు ఈరప్ప. "అయ్యో, కన్నడమోళ్ళ గొర్రెలు తప్పిపోతే ఎట్లబ్బా అంటి," అని చెప్పి ఆమె మళ్ళీ నవ్వింది. ఈరప్ప కూడా నవ్వాడు. నేను టీ గ్లాసులోకి చూస్తూ కూచున్నాను.

పోయేటప్పుడు ఆయన ఫ్రేమును కాగితంలో చుట్టి నాకే ఇచ్చాడు. "ఈడ వద్దులే. చూసినప్పుడల్లా ఆమెకు మనది గాదని గెవనం వస్తాది."

మర్నాడే సరిచేయగలిగేవాణ్ణి. తీసిన ఫోటోలన్నీ నా దగ్గరే ఉన్నాయి. ఇరవై రోజులు పట్టింది. వేణుమాధవ్ తో అన్నింట్లోనూ మార్చేద్దామన్నాను, సున్న ఎర్రగా పెడదాం, ఆయన పేరు పెడదాం అని. "అమ్ముడుపోయేదాన్ని కదిలించకూడదప్పా. ఎరుపు పెడితే సోఫాకు మ్యాచ్ కాదు," అన్నాడు. గట్టిగా అడగాల్సింది. ఉద్యోగం వదిలేస్తానని అనుండాల్సింది. నేను చదివిన పుస్తకాల్లో మనుషులు అలాంటి మాటలు అంటారు. నేను సరే సార్ అన్నాను. మళ్ళీ ఒక్కటే వేశాను.

ఆ రెండో ప్రింటు తీసుకుపోయిందే మేము ముగ్గురం చివరిసారి కలవడం. ఆ తర్వాత నేను ఆ సందులోకి పోలేదు.

కాగితం పూర్తిగా విప్పలేదు. కుడివైపు కొన మాత్రమే బయటికి వచ్చింది. రామక్క మంచం మీద నుంచే చెయ్యి చాపింది.

"అదో! అదో మనది!"

ఈరప్ప దాన్ని మంచం మీద ఆమె పక్కన పెట్టాడు. ఆమె సున్న మీద చెయ్యి పెట్టి, కింద జారిన రంగును వేలితో వెతికింది. "తోక గూడా ఉండాది. ఆ పొద్దు గాలి, నిచ్చెన కదిలిందంటివి గదా? నేను కింద నిచ్చెన పట్టుకోనుంటి."

"పట్టుకోనుంటివా? బస్సు వస్తాందని చూస్తాంటివి. అందుకే కదిలె," అన్నాడు ఈరప్ప.

"ఇప్పుడు గూడా నా మీదకే తోస్తాండావే!"

ఇద్దరూ కాసేపు ఆ నిచ్చెన మీద పోట్లాడుకున్నారు. మూడేళ్ళుగా ఆయన చెప్తూ వచ్చిన మాట అబద్ధం కాదని ఆమెకు రుజువయింది. నేను అప్పుడే లేచి వచ్చేసి ఉంటే సరిపోయేది. చెప్పులు వేసుకుంటున్నాను కూడా. రామక్క పిలిచింది.

"నాయనా, తక్కినవాటికి గూడా మచ్చ పెట్టినావా?"

"ఏవి అవ్వా?"

"బెంగళూరికి చానా పోయినాయంట గదా. మచ్చ లేకుండా పోతే ఎవురివని తెలుస్తాది? మందలో కలిసిపోతాయి."

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. అవునవ్వా అంటే చాలు. ఆమె ఎలాగూ చూడదు, చదవదు. కానీ ఒకసారి ఆ నమ్మకంతోనే వచ్చి ఆమె చేతికి దొరికిపోయాను. చెప్పుల మీదే నిలబడి చెప్పేశాను. మచ్చ లేదు. తాత పేరు లేదు. ఈ ఇంటికి తెచ్చిన రెండింట్లో తప్ప ఎందులోనూ లేదు. ఆ మూలలో నా పేరుంది.

రామక్క ప్రింటు మీద నుంచి చెయ్యి తీసింది. ఈరప్ప వైపు చూసింది. ఆయన అరుగు మీదికి వచ్చి నా పక్కన కూచున్నాడు.

"చూపీ."

ఫోనులో తీసి చూపించాను. ఆ డైనింగు టేబులు ఫోటో. ఎలా పెద్దది చేయాలో అడిగి, రెండు వేళ్ళతో లాగాడు. వేళ్ళు వణుకుతుంటే బొమ్మ అటూ ఇటూ పరుగెత్తింది. నేను పట్టుకున్నాను. ముందు అక్షరాలన్నీ చూశాడు. నల్ల సున్న చూశాడు. మూలకు వచ్చి ఆగాడు.

"ఉమేష్," అని చదివాడు. "నువ్వేనా?"

"నేనే తాతా."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన ఆ మూడు అక్షరాలనే, మంచి పనివాడు ఇంకొకడి పనిని చూసినట్టు, తల అటు వంచి ఇటు వంచి చూస్తున్నాడు.

"ఏత్వం బాగా కుదిరింది. నువ్వు రాసిందేనా?"

"కాదు తాతా. కంప్యూటర్లో ఉంటాయి అక్షరాలు. ఏది కావాల్నో ఎంచుకోవడమే."

ఆయన ఫోను నా చేతిలో పెట్టి, నా మొహంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది.

"నీ పేరన్నా నీ చేత్తో రాసుకోలేదా అబ్బీ?"